బడి తెలుగు, ఇంటి తెలుగు: బోధనమాధ్యమ చర్చకు చిత్తూరు కథాసాహిత్యం ఇచ్చే సాక్ష్యం

వ్యాస సంగ్రహం

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి సాగుతున్న బోధనమాధ్యమ చర్చలో ఉభయపక్షాలూ ఒక విషయాన్ని నిరూపణ అక్కరలేనిదిగా స్వీకరించాయి: పాఠ్యపుస్తకంలోని తెలుగు, పిల్లవాడి మాతృభాష ఒకటే. ఈ భావన ఎంతవరకు నిలుస్తుందో చిత్తూరు ప్రాంత కథకుల రచనల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 'గ్రామ్యం' అన్న పాత వ్యాకరణ విభాగం 'మాండలికం' అన్న కొత్త పేరుతో బడిలో ఎలా కొనసాగుతున్నదో, అదే మాండలికాన్ని సాహిత్యంలో గౌరవించే విశ్వవిద్యాలయ విమర్శ ఈ విషయంలో ఏ పాత్ర వహిస్తున్నదో ఇందులో చర్చించడం జరిగింది.

కీలక పదాలు: మాండలికం, శిష్టవ్యావహారికం, బోధనమాధ్యమం, చిత్తూరు కథ, కథనాధికారం.

1. ప్రవేశిక

2019 నవంబరు 5న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జి.ఓ. 81 ద్వారా ప్రభుత్వ పాఠశాలలను ఆంగ్లమాధ్యమంలోకి మార్చాలని నిర్ణయించింది. అదే నెలలో వెలువడిన జి.ఓ. 85 ఆ నిర్ణయాన్ని సవరించి, 1 నుంచి 6వ తరగతి వరకు పరిమితం చేసింది. 2020 ఏప్రిల్ 15న రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం ఈ రెండు ఉత్తర్వులనూ కొట్టివేసింది. విషయం సర్వోన్నత న్యాయస్థానానికి చేరింది. అదే సంవత్సరం వెలువడిన జాతీయ విద్యావిధానం కనీసం 5వ తరగతి వరకు, వీలైన చోట, పిల్లల సొంత భాషలో బోధన జరగాలని చెప్పింది.

ఈ సందర్భంలో రెండు వాదాలు బలంగా వినిపించాయి. మాతృభాషలో నేర్చిన చదువే మనసుకు పడుతుందని, ఆంగ్లమాధ్యమం వల్ల భాష, సంస్కృతి క్షీణిస్తాయని ఒక వాదం. సంపన్నుల పిల్లలకు ఆంగ్లం, పేదల పిల్లలకు తెలుగు అన్న విభజన కులవర్గ అసమానతను శాశ్వతం చేస్తుందని, ఆంగ్లం అణగారిన కులాలకు విముక్తి సాధనమని రెండవ వాదం. రెండింటిలోనూ సత్యం ఉంది. అయితే మొదటి వాదం 'తెలుగును కాపాడండి' అన్నప్పుడు, రెండవ వాదం 'తెలుగు మాకెందుకు' అన్నప్పుడు, రెండూ పలుకుతున్నది ఏ తెలుగు గురించి? పూతలపట్టు పొలాల్లో పెరిగిన పిల్లకు, కుప్పం సరిహద్దులో పెరిగిన పిల్లవాడికి పాఠ్యపుస్తకంలోని తెలుగు మాతృభాష అవుతుందా? ఈ ప్రశ్నను విద్యాశాస్త్రం కంటే ముందు మన కథకులే వేశారని, దానిని మనం శైలికి సంబంధించిన విషయంగా చదివి ఊరుకున్నామని ఈ వ్యాసం ప్రతిపాదన.

2. గ్రామ్యం నుంచి మాండలికం దాకా

చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) తెలుగు పదజాలాన్ని తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యాలుగా విభజించింది. మొదటి మూడు పుట్టుకను బట్టి చేసిన విభాగాలు. నాలుగవది అలాంటిది కాదు. అది యోగ్యతను బట్టి చేసినది. ఒక పదం ఎక్కడినుంచి వచ్చిందన్నది గ్రామ్య విభాగానికి పట్టదు, దాన్ని గ్రంథంలోకి రానివ్వాలా వద్దా అన్నదే పడుతుంది. శాస్త్రవర్గీకరణలో ఒక సామాజిక తీర్పు ఈ విధంగా చోటు చేసుకుంది.

1906 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ వేసిన ప్రశ్నలతో కదిలి గిడుగు రామమూర్తి ఆరంభించిన ఉద్యమం ఈ తీర్పును ప్రశ్నించింది. 1919లో ఆయన నడిపిన 'తెలుగు' పత్రిక ఆ పోరాటానికి సాధనమైంది. అయితే గ్రాంథికవాదులతో వాదించేందుకు 'శిష్ట' అన్న విశేషణం అవసరమైంది. వ్యవహారంలో ఉన్నదంతా కాక, చదువుకున్నవారి వ్యవహారమే ప్రమాణమైంది. ఆ చదువుకున్నవారు అధికసంఖ్యలో కృష్ణా, గోదావరి మండలాలకు చెందినవారు కావడంతో ఆ ప్రాంతపు వాడుక క్రమంగా పత్రికలకు, ఆ తరువాత పాఠ్యపుస్తకాలకు ఆధారమైంది.

గిడుగు కృషిలో మరొక పార్శ్వం ఈ చర్చకు ఎంతో ముఖ్యం. ఆయన సవరల భాషను నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించారు. పిల్లవాడి ఇంటి మాట నుంచే చదువు మొదలుకావాలన్న సూత్రాన్ని ఆయన సవరల విషయంలో పూర్తిగా ఆచరించారు. తెలుగు విషయంలో మాత్రం ఆ సూత్రం శిష్టవ్యావహారికం దగ్గర ఆగింది. ఇది గిడుగు లోపం అనడం కంటే ఆనాటి పోరాటపు హద్దు అనడం సమంజసం. ఆ హద్దును దాటవలసిన బాధ్యత తరువాతి తరాలది.

భద్రిరాజు కృష్ణమూర్తి సారథ్యంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం (వ్యవసాయ పదాలు, 1962) ఈ దిశలో పెద్ద ముందడుగు. తెలుగు నేలను నాలుగు భాషామండలాలుగా గుర్తించి, ఒకే వస్తువుకు, ఒకే పనికి వేరువేరు చోట్ల ఉన్న పేర్లను సమానస్థాయిలో నమోదు చేసింది. పదకోశంలో పక్కపక్కన నిలిచిన ఆ పదాలు బడిలో పక్కపక్కన నిలవలేకపోయాయి. అక్కడ ఒకటి పాఠమైంది, మరొకటి తప్పైంది. 'గ్రామ్యం' అన్న పేరు పోయింది గాని ఆ తీర్పు పోలేదు.

3. చిత్తూరు: హద్దుల నేల

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తదితర ప్రాంతాలు, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు ఇందులో చేరాయి. అంటే పుట్టుకలోనే ఇది రెండు భాషాపరిసరాల కలయిక. భాషాప్రాతిపదికన జరిగిన సరిహద్దుల సర్దుబాటులో భాగంగా 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. ఇరువైపులా ఇంకొక భాషవారు మిగిలారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడగా, మదనపల్లె ప్రాంతం అన్నమయ్య జిల్లాలో చేరింది. పాలనా రేఖలు మారాయి గాని పలుకు రేఖలు వాటిని అనుసరించలేదు.

నగరి, సత్యవేడు ప్రాంతాలలో తమిళం, కుప్పం పరిసరాలలో తమిళ కన్నడాలు, మదనపల్లె వైపు ఉర్దూ ఇంటి భాషలుగా ఉన్న కుటుంబాలు అనేకం. ఎరుకల, సుగాలి కుటుంబాలకు వారి వారి భాషలున్నాయి. ద్రావిడ భాషల అధ్యయనానికి 1997లో నెలకొన్న ద్రావిడ విశ్వవిద్యాలయానికి కుప్పం వేదిక కావడం ఈ సందర్భంలో గమనించదగినది. ఇలాంటి చోట 'మాతృభాష అంటే తెలుగు' అనడం అనేకమంది పిల్లల విషయంలో వాస్తవం కాదు. తెలుగే ఇంటి భాష అయిన పిల్లలకు కూడా అది పాఠ్యపుస్తకపు తెలుగు కాదు.

ఉదాహరణకు ఈ ప్రాంతపు ముఖ్యమైన మెట్టపంటను ఇక్కడి పిల్లలు 'చెనిక్కాయ' అంటారు. వాచకంలో అది 'వేరుశనగ'. వాళ్లింట్లో 'ఎనుము' ఉంటుంది, పుస్తకంలో 'గేదె' ఉంటుంది. 'మడక'కు 'నాగలి', 'గెనిమ'కు 'గట్టు', 'ఎర్రగడ్డ'కు 'ఉల్లిపాయ' ఎదురవుతాయి. పదాలు మాత్రమే అయితే రెండు నెలల్లో నేర్చుకోవచ్చు. తేడా క్రియలోనూ ఉంది. ఇక్కడివారు 'వస్తా ఉండాడు' అంటారు. బడి దీనిని 'వస్తున్నాడు' అని దిద్దుతుంది. నిజానికి 'ఉండాడు' అన్న రూపంలో 'ఉండు' ధాతువు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. అది నియమం లేని రూపం కాదు, వేరొక నియమం గల రూపం. 'కథ'ను 'కత' అనడం కూడా ఇలాంటిదే. సంస్కృత పదాల మహాప్రాణాలు తెలుగు నోట అల్పప్రాణాలు కావడం తద్భవ ప్రక్రియలో సహజమని వ్యాకరణ పాఠంలో మనమే చెబుతాం. ఆ సూత్రం చెప్పే చేతితోనే పిల్లవాడి పలకమీద 'కత'ను కొట్టివేస్తాం.

4. హాలికుడు, సేద్యగాడు: రెండు కథనపద్ధతులు

చిత్తూరు కథకు తెలుగు సాహిత్యంలో స్థిరమైన స్థానం సంపాదించిన వారిలో మధురాంతకం రాజారాం (1930-1999) అగ్రగణ్యులు. వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. ఆయన కథల సంపుటికి 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. దామలచెరువు పరిసరాల పల్లెజీవితం, చిన్న రైతు, బడిపంతులు, కరువు ఆయన కథావస్తువులు. కథకుడి గొంతు మాత్రం విద్యావంతుడి గొంతు. పాత్రలు తమ మాటల్లో మాట్లాడినా వాటి చుట్టూ ఉన్న వాక్యం సౌష్ఠవమైన శిష్టవ్యావహారికం, అక్కడక్కడ కావ్యభాషా పరిమళం గలది. 'హాలికులు కుశలమా' అన్న ఆయన కథ పేరునే చూడవచ్చు. రైతును పలకరిస్తున్న ఈ మాట రైతు వాడే మాట కాదు. సంస్కృతకావ్య సంస్కారం గల ఒక సహృదయుడు దూరం నుంచి, ఎంతో ఆర్తితో వేసిన ప్రశ్న అది. ఆ దూరం గురించిన ఎరుక, అందులోని వ్యంగ్యం కూడా ఆ పేరులోనే ధ్వనిస్తాయి.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడి నవల పేరు 'మునికన్నడి సేద్యం'. రెండు రచనలకూ వస్తువు వ్యవసాయమే. ఒక పేరులో జాతివాచకం, మరొకదానిలో ఊరివారు పిలుచుకునే సొంత పేరు. ఒకచోట 'హాలికులు', మరొకచోట 'సేద్యం'. ఈ తేడా పదాల ఎంపికకు పరిమితమైనది కాదు. నామిని 'పచ్చ నాకు సాక్షిగా', సినబ్బ కథలు, మిట్టూరు కథలలో పాత్రల సంభాషణకు కేటాయించిన మాండలికాన్ని కథనానికి విస్తరించారు. కథ చెప్పే గొంతు, కథలోని మనుషుల గొంతు ఒకటే అయింది. పాత్రల మాటకు అర్థం చెప్పే మధ్యవర్తి తొలగిపోయాడు.

దీనిని కథనాధికారానికి సంబంధించిన మార్పుగా చూడాలని నా అభిప్రాయం. సంభాషణలో మాత్రమే మాండలికం ఉన్నప్పుడు కొటేషన్ గుర్తులు ఒక కంచెలా పనిచేస్తాయి. కంచెకు లోపల ఊరివారు మాట్లాడతారు. బయట ఉన్న కథకుడు చూస్తాడు, వివరిస్తాడు, తీర్పు చెబుతాడు. ఆలోచించే హక్కు, సూత్రీకరించే హక్కు శిష్టభాషకే ఉంటుంది. కథనం మాండలికంలోకి మారినప్పుడు ఆ భాషకు దుఃఖించడం, నవ్వడంతోపాటు పరిశీలించడం, తర్కించడం, కాలాన్ని వెనక్కి ముందుకు జరపడం కూడా వచ్చని రుజువవుతుంది. మాండలికం భావావేశానికే గాని ఆలోచనకు పనికిరాదన్న అభిప్రాయాన్ని నామిని వచనం ఖండించింది.

అయితే రాజారాం పద్ధతి వెనుకబడినదని, నామిని పద్ధతి పురోగామి అని తేల్చడం తొందరపాటు. బడిపంతులైన కథకుడు రెండు భాషల మధ్య నిలబడి, ఒకదానిని మరొకదానికి పరిచయం చేస్తున్నాడు. బడిలో నిజంగా కావలసిన పని అదే. రాజారాం కథకుడు ఊరి మాటను ఎన్నడూ తప్పుగా చూడడు. మంచి ఉపాధ్యాయుడి లక్షణం అది. తిరుపతి నడిబొడ్డున ఉన్న ఒక స్థలం పేరునే 'నాలుగ్గాళ్ల మంటపం'గా తన రచనకు పెట్టుకున్న పులికంటి కృష్ణారెడ్డి, అణగారిన కులాల జీవితాన్ని కథల్లోకి తెచ్చిన వి.ఆర్. రాసాని ఈ రెండు పద్ధతుల మధ్య తమ తమ దారులు వేసుకున్నారు.

5. 'ఇస్కూలు' అన్న మాట

బోధనమాధ్యమ చర్చకు నేరుగా సంబంధించిన రచనలు కూడా నామినివే. 'ఇస్కూలు పిలకాయల కత', 'చదువులా? చావులా?', 'పిల్లల భాషలో ఆల్‌జీబ్రా' ఇవి మూడూ ఒకే ప్రశ్నకు మూడు వైపులు.

మొదటి పేరులోని మూడు పదాలనూ బడి దిద్దుతుంది. 'ఇస్కూలు'ను స్కూలుగా, 'పిలకాయల'ను పిల్లలుగా, 'కత'ను కథగా మార్చమంటుంది. దిద్దిన తరువాత మిగిలే శీర్షిక నిర్దుష్టమైనదే గాని అది ఎవరిదో తెలియదు. 'ఇస్కూలు' ఆంగ్లపదమే. పదాది సంయుక్తానికి ముందు ఇకారం చేర్చి పలకడం ద్వారా ఊరు ఆ పదాన్ని తన నోటికి అనువుగా మలచుకుంది. అంటే ఆంగ్లంతో ఈ ప్రాంతపు సామాన్యుడికి వైరం లేదు. ఇతర భాషాపదాలను తన నియమాలతో ఇముడ్చుకోగల శక్తి అతని భాషకు ఉంది. ఆంగ్లపదం నేర్పే బడి కూడా, తెలుగుపదం నేర్పే బడి కూడా అతని ఉచ్చారణను ఒకే విధంగా చిన్నబుచ్చడమే సమస్య.

బీజగణితాన్ని పిల్లల భాషలో చెప్పిన పుస్తకం మరింత దూరం వెళుతుంది. గణితం వంటి అమూర్త విషయాన్ని కూడా ఇంటి మాటలో వివరించవచ్చన్నది దాని ప్రతిపాదన. ఇది 'తెలుగుమాధ్యమం' అని మనం పిలిచేదానికి భిన్నం. తెలుగుమాధ్యమ శాస్త్రపాఠ్యపుస్తకాలలోని పారిభాషిక పదాలు సంస్కృతభూయిష్ఠమైనవి. 'కిరణజన్యసంయోగక్రియ' అన్నది పల్లెపిల్లకు ఆంగ్లపదం కంటే దగ్గరిదని చెప్పడం కష్టం. ఆంగ్లమాధ్యమాన్ని కోరే తల్లిదండ్రులు తెలుగును వదులుకుంటున్నారని మనం బాధపడతాం. వారు వదులుకుంటున్నది చాలావరకు తమది కాని మరొక తెలుగును.

ఈ రచనలకు హద్దులు లేకపోలేదు. నామిని భాష ప్రధానంగా చిన్నకారు సేద్యపు కుటుంబాల భాష. 'మూలింటామె' నవలలో స్త్రీల మాటకు కేంద్రస్థానం లభించినా, దళితవాడల పలుకు, సంచారజాతుల పలుకు, సరిహద్దు గ్రామాల ద్విభాషుల పలుకు ఆయన రచనల్లో లోపలి నుంచి వినిపించవు. ఒక మాండలికాన్ని 'చిత్తూరు మాండలికం' అని ఏకవచనంలో పిలిస్తే, శిష్టభాష చేసిన పొరపాటునే చిన్న పరిధిలో మళ్లీ చేసినవారమవుతాం.

6. విమర్శ బాధ్యత

ఒకే రూపం కథలో ఉంటే సౌందర్యం, జవాబుపత్రంలో ఉంటే దోషం. ఈ వైరుధ్యాన్ని నిలబెడుతున్న వ్యవస్థలో తెలుగుశాఖలు కూడా భాగమే. రాయలసీమ కథలపై జరిగే పరిశోధనలలో 'మాండలిక సొబగులు', 'నుడికారాలు', 'పలుకుబడులు' అన్న అధ్యాయం తప్పనిసరిగా ఉంటుంది. పదాలను ఏరి, ఎదురుగా ప్రామాణిక రూపం రాసి, పట్టిక చేస్తాం. ఈ పట్టికలో ఎడమవైపు ఉన్నది వింత, కుడివైపు ఉన్నది అర్థం. మాండలికం తనకు తానే అర్థం కలది కాదని, శిష్టరూపంలోకి మారితే తప్ప బోధపడదని ఈ పద్ధతి పాఠకుడికి నేర్పుతుంది. మాండలికాన్ని అలంకారంగా చదివినంతకాలం దానికి హక్కు గురించి మాట్లాడవలసిన అవసరం మనకు రాదు.

అన్నమాచార్యుల (1408-1503) సంకీర్తనలలోని వ్యవహారరూపాలను ప్రస్తావిస్తూ, తిరుమల రాగిరేకులు ఆనాటి వాడుకభాషను మనకు దక్కించాయని గర్వంగా చెబుతాం. ఆ గర్వానికి అర్హత కావాలంటే ఈనాటి పిల్లవాడి వాడుకకు కూడా అంతటి గౌరవం ఇవ్వవలసి ఉంటుంది.

7. రెండు ఆక్షేపణలు

ఈ వాదానికి రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది: బడి తెలుగు కూడా పరాయిదే అయినప్పుడు, నేరుగా ఆంగ్లమే నేర్పితే నష్టమేమిటి? రెండు దూరాలూ సమానం కావు. 'వస్తా ఉండాడు' నుంచి 'వస్తున్నాడు'కు చేరడానికి వాక్యనిర్మాణం మారదు, విభక్తులు మారవు, లోకం మారదు. అర్థమైన పాఠం నుంచి కొత్తరూపానికి వెళ్లవచ్చు. ఆంగ్లంలో రూపమూ కొత్తదే, అర్థమూ కొత్తదే. తెలుగులో దూరాన్ని పెంచుతున్నది భాష కంటే అవమానం. అవమానం తొలగిస్తే దూరం తగ్గుతుంది. ఇలా అన్నంతమాత్రాన ఆంగ్లం కోరే దళిత బహుజన వాదాన్ని తోసిపుచ్చినట్టు కాదు. తెలుగును కాపాడే భారాన్ని ప్రభుత్వ బడిపిల్లల మీదనే మోపడం అన్యాయమన్న వారి మాటకు సమాధానం లేదు. తల్లిదండ్రుల ఎంపికపై రాష్ట్రం మాతృభాషామాధ్యమాన్ని రుద్దలేదని 2014లో కర్ణాటక వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం తేల్చిన తరువాత, ఆ భారం చివరికి ఎవరి మీద మిగులుతుందో ఊహించడం కష్టం కాదు. ఆంగ్లాన్ని ఒక విషయంగా మొదటి నుంచి మంచి ఉపాధ్యాయులతో నేర్పడం వారి హక్కు.

రెండవది: ఉమ్మడి ప్రామాణిక భాష లేకుంటే పరీక్షలు, పాలన, పత్రికలు ఎలా నడుస్తాయి? ప్రామాణిక భాష కావలసిందే. దాన్ని ఇంటి మాటకు బదులుగా కాక ఇంటి మాటకు తోడుగా నేర్పాలన్నదే ఇక్కడి ప్రతిపాదన. 'తప్పు' అనే బదులు 'పుస్తకంలో ఇలా రాస్తారు' అని ఉపాధ్యాయుడు అనగలిగితే పిల్లవాడు ఒక భాషను కోల్పోకుండా మరొకటి సంపాదిస్తాడు.

చట్టాలు కూడా ఈ విషయంలో స్పష్టత ఇవ్వవు. 2009 విద్యాహక్కు చట్టం 29వ విభాగం వీలైనంతవరకు పిల్లల మాతృభాషలో బోధన ఉండాలంటుంది. 2020 జాతీయ విద్యావిధానం ఇంటి భాష, మాతృభాష, స్థానికభాష, ప్రాంతీయభాష అన్న నాలుగు మాటలను గీతలతో విడదీసి ఒకే పదంలా వాడింది. కుప్పంలో తమిళం మాట్లాడే ఇంటి పిల్లకు ఈ నాలుగూ ఒకటి కావు. ఆ గీతల మధ్య ఉన్న తేడాను చెప్పగలిగినవారు భాషాసాహిత్య పరిశోధకులే.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. బోధనమాధ్యమ చర్చలో 'తెలుగు' ఒక ఏకరూప పదార్థం కాదు. దానిని అలా భావించడం వల్ల ఉభయవాదాలూ పిల్లవాడి ఇంటి మాటను విస్మరించాయి. 'గ్రామ్యం' అన్న వ్యాకరణ తీర్పు పేరు మార్చుకుని మూల్యాంకనంలో కొనసాగుతున్నది. చిత్తూరు కథకులలో రాజారాం రెండు భాషలకు మధ్య వారధిగా నిలిచే కథకుణ్ణి, నామిని మధ్యవర్తి అవసరం లేని కథకుణ్ణి చూపారు. బడికి ఈ ఇద్దరూ కావాలి.

తెలుగుశాఖలు చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. మాండలిక పదపట్టికలకు బదులు మాండలిక వ్యాకరణాలు రాయాలి. ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులకు ఉపకరించేలా మండలాల వారీగా ఇంటి మాట, పుస్తకం మాటల జాబితాలు తయారుచేయాలి. అన్నింటికంటే ముందు, మన శాఖలలో జవాబుపత్రాలు దిద్దేటప్పుడు 'ఉండాడు' కింద గీసే ఎర్రగీతను గురించి ఆలోచించాలి. ఆ గీత ఉన్నంతవరకు మాతృభాషామాధ్యమం కోసం మనం చేసే వాదన, దాన్ని వినవలసిన తల్లిదండ్రులకు నమ్మదగినదిగా తోచదు.